బేరం లేని దుకాణంలో నా కొలువు

మా పుట్టింట్లో బేరమాడటం రానివాళ్ళు లేరు. పాతపట్నంలో మా నాన్నది కిరాణా దుకాణం. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు, గానుగ నూనె. ఒరియావాళ్ళు వచ్చి "కేతే?" అనేవారు, మనవాళ్ళు వచ్చి "ఎంతేటి?" అనేవారు. ఇద్దరికీ మొదట చెప్పే ధరలు వేరు, చివరికి ఇచ్చే ధర ఒకటే. మధ్యలో జరిగే రభసంతా మాకు సరదా. నేను "అమ్మ" తరవాత పలికిన రెండో మాట "గిట్టదు" అని మా అన్నలు ఇప్పటికీ ఏడిపిస్తారు. నేనొప్పుకోను. "గిట్టదు" అన్నదే ముందు పలికి ఉంటానని నా అనుమానం.

ఈడేరాక నన్ను దుకాణంలోంచి లోపలికి పంపేశారు. గల్లాపెట్టె దగ్గర అన్నయ్యలు కూర్చున్నారు, నేను తలుపు సందులో మిగిలాను. పెద్దన్నయ్య మరీ తక్కువకి ఒప్పేసుకుంటుంటే లోపల్నుంచి గరిటెతో గిన్నె మీద కొట్టేదాన్ని. అన్నయ్య ఆగేవాడు. కొనేవాళ్ళు మాత్రం "మీ ఇంట్లో పగలంతా వంటేనేటి బాబూ?" అని ఆశ్చర్యపోయేవారు. ఏనాటికైనా బల్లకి ఇవతల నిలబడి, ఎదుటి మనిషి మొహం చూస్తూ అమ్మాలని నాకు మహా కోరికగా ఉండేది.

పెళ్ళై శ్రీకాకుళం వచ్చాను. మా ఆయన ఒక బడిలో గుమాస్తా. వంకాయలావిడ ఎంత చెబితే అంతా ఇచ్చేసి, పైగా "వస్తానమ్మా" అని చెప్పి వచ్చే రకం. అలాంటి మనిషి లోకంలో ఈయనొక్కడే అనుకున్నాను. ఆ నమ్మకమే తరవాత నన్ను ముంచింది.

అరవైలు చివరికొస్తున్న రోజులు. చేనేత సంఘం వాళ్ళు బజారు వీధిలో చీరల దుకాణం తెరిచారు. మగ గుమాస్తాల ముందు చీర భుజమ్మీద వేసుకుని చూసుకోవడానికి ఆడవాళ్ళు మొహమాటపడుతున్నారని, ఒక ఆడమనిషిని పెట్టుకోవాలనుకున్నారు. మా ఆయనే ఆ వార్త తెచ్చాడు. మా అత్త వినగానే, "కోడల్ని దుకాణంలో నిలబెడితే ఊరేటనుకుంటాది?" అంది.

ఎన్నాళ్ళు పని చేసి చూడాలన్న దాని మీద నేను బేరం మొదలుపెట్టాను. ఆవిడ వినాయకచవితి దాకా అంది, నేను ఉగాది దాకా అన్నాను. ఆవిడ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది, నేను వెనకాలే వెళ్ళాను. చివరికి దసరా దగ్గర తెగింది. "దసరా దాకా సూస్తాను. నీకా పని అచ్చిరాకపోయినా, వాళ్ళు నిన్నొద్దన్నా, ఇంక జన్మలో కొలువు మాట ఎత్తకూడదు," అంది. "ఎత్తను," అన్నాను. నా జీవితంలో అంత మంచి బేరం చెయ్యలేదని ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను.

తెల్లారి దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద బోర్డు: "ఒకే ధర. బేరములు లేవు."

మేనేజరుగారు తెల్లటి ఖద్దరు మనిషి. చీరలకి ధర చీటీలు తనే కుట్టేవారు. "బేరమంటే అబద్ధానికి ముద్దుపేరమ్మా," అన్నారు నాతో. "చీటీ మీద ఉన్నది చెప్పు, రసీదు రాయి, చీర ఇచ్చెయ్యి. అంతే పని." ఆయన వెనక గదిలోకి వెళ్ళి లెక్కలు చూసుకునేవారు. నేను బల్ల దగ్గర నిలబడేదాన్ని.

మొదటి రోజే ఒకావిడ వచ్చింది.

"ఈ కోక ఎంతేటి?"

చెప్పాను.

"ఎంతకిస్తావు?"

"అంతకేనమ్మా."

"తగ్గించి సెప్పు."

"తగ్గదమ్మా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పక్కావిడతో, "ఓలమ్మ! పాపం ఈ పిల్లకి మాటలు రావనుకుంటాను," అని వెళ్ళిపోయింది.

నాకు మాటలు రావట! పాతపట్నంలో తెలిస్తే మా వీధి వీధంతా పడి నవ్వేది.

ఆవిడ తప్పేం లేదు. మా వైపు మనిషి బేరమాడేది రూపాయి మిగుల్చుకోవడానికి మాత్రమే కాదు. ఎదుటివాడు తనతో కాసేపు మాట్లాడాలి, తన తెలివిని ఒప్పుకోవాలి, చివర్లో కొసరు వెయ్యాలి. మా నాన్న తూకమయ్యాక పైన చిటికెడు బెల్లమో, రెండు మిరపకాయలో పడేసేవాడు. అది పడేదాకా కొన్నవాళ్ళు సంచీ మూతి కట్టేవారు కాదు. ఈ దుకాణంలో బేరమూ లేదు, కొసరూ లేదు. జనం అవమానం జరిగినట్టు మొహం పెట్టుకుని, పక్క దుకాణంలో నైలెక్స్ చీరలు గట్టిగా బేరమాడి కొనుక్కునేవారు. నేను పోస్టాఫీసులో స్టాంపులమ్మే మనిషిలాగ నిలబడేదాన్ని. సాయంత్రానికి కాళ్ళకన్నా ముందు నోరు నొప్పెట్టేది, మాట్లాడక.

ఇంటికొస్తే అత్త, "ఎలాగున్నాది?" అని అడిగేది. "బ్రహ్మాండంగా ఉంది," అనేదాన్ని. పోరి సంపాదించుకున్న సరుకు పుచ్చిందని ఎవరు ఒప్పుకుంటారు? కానీ దసరా దగ్గర పడుతోంది. ఇన్నాళ్ళు కోరుకున్న బల్ల దొరికాక, దాని వెనక ఏడుస్తూ నిలబడటమా? ఈ పనిలో రుచి ఎక్కడో ఉండి తీరాలి, లేకపోతే నేనే తెచ్చి పెడతాను అని పంతం పట్టాను.

పంతం పట్టిన మనిషికి బుద్ధి ఎటు పోతుందో చెప్పలేం. నా బుద్ధి తిన్నగా పాతపట్నం పోయింది.

మర్నాడు మొదటి చీరకి, చీటీని బొటనవేలితో కిందికి మడిచి, ఉన్న ధర మీద రెండు రూపాయలు ఎక్కువ చెప్పాను. ఆవిడ గుండెలు బాదుకుంది. నేను చీర మడత పెట్టేశాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళింది. నేను పిలవలేదు. ఆవిడే వెనక్కి వచ్చింది. నేను మా పిల్లల మీద ఒట్టు పెట్టాను, అప్పటికి నాకు పిల్లల్లేరు. చివరికి చీటీ ధర దగ్గర ఆగాం. చీటీ ధరకే రసీదు రాశాను. ఆవిడ యుద్ధం గెలిచినట్టు నవ్వుతూ వెళ్ళింది. సంఘానికి పైసా నష్టం లేదు, కొన్నావిడకి పైసా నష్టం లేదు, నాకు ఒళ్ళంతా ప్రాణం లేచి వచ్చింది. ఇంతకన్నా ధర్మమైన అబద్ధం ఉంటుందా అనుకున్నాను.

దుకాణం కళకళలాడింది. "ఆ పిల్ల పైకి అలాగంటాది గానీ, నిలబడి అడిగితే తగ్గిస్తాది," అని ఊళ్ళో చెప్పుకున్నారు. మేనేజరుగారు లెక్కలు చూసి, "చూశావా, ఒకే ధర మీద జనానికి నమ్మకం కుదిరింది," అని మురిసిపోయారు. నేను తలొంచుకుని చీరలు సర్దేదాన్ని.

అలా సాగుతుండగా ఒక ఉదయం శ్రీముఖలింగం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పెద్దవయసు మనిషి, భుజమ్మీద తువ్వాలు. "ఇంటిది జబ్బు పడి లేసింది తల్లీ. గుడికాడ మొక్కున్నాది. కొత్త కోక కట్టించి తీసుకెల్లాల," అన్నాడు. పసుప్పచ్చ చీర ఒకటి చూపించాను. నచ్చింది. అలవాటు ప్రకారం రెండు రూపాయలు ఎక్కువ వేసి ధర చెప్పాను.

"అలాగే తల్లీ," అని ఆయన మొలలో ముడి విప్పడం మొదలుపెట్టాడు.

చెప్పిన ధరకి "అలాగే" అనే మనిషి ఎదురైతే ఏం చెయ్యాలో మా నాన్న నాకు నేర్పలేదు. ఎక్కువ తీసుకుంటే దొంగతనం. తక్కువకి రాస్తే, ముందు ఎక్కువెందుకు చెప్పినట్టు?

"బాబూ, ఎంతకిస్తావని అడగరేటి?" అన్నాను.

"నువ్వు సెప్పినావు కదా తల్లీ."

"చెప్పాననుకోండి. చెప్పగానే ఇచ్చేస్తారా ఎవరైనా?"

"మరేటి సెయ్యాల?"

"ఎక్కువ అనాలి."

ఆయన నన్ను కష్టపెట్టడం ఇష్టం లేక, "ఎక్కువే," అన్నాడు.

"అయితే రూపాయి తగ్గించాను," అన్నాను గబుక్కున.

ఆయన చెయ్యి ముడి మీద ఆగిపోయింది. "ఎందుకు తగ్గించినావు?"

"మీరు అడిగారు కదా."

"నానడగనేదు. నువ్వు అడగమంటే అడిగినాను."

"పోనీ, ఇంకో రూపాయి కూడా తగ్గిస్తాను. తీసుకోండి బాబూ."

ఆయన ముడి మళ్ళీ బిగించేశాడు. చీర రెండు చేతులా ఎత్తి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురికి పట్టి చూశాడు. "ఏటున్నాది తల్లీ ఇందులో? సిరుగున్నాదా? మరకున్నాదా? దేవుడి కాడికి కట్టుకెల్లే కోక. నిజం సెప్పు."

"ఏమీ లేదు బాబూ! బంగారంలాంటి చీర!"

"మరి అడక్కుండా రెండు రూపాయలు ఎవలు తగ్గిస్తారు?"

నేను ఒట్లు పెట్టేకొద్దీ ఆయనకి అనుమానం పెరిగింది. మా గొడవకి మేనేజరుగారు వెనక గదిలోంచి వచ్చారు. మడిచిన చీటీని విప్పి చదివారు. "చీర మంచిదేనయ్యా. దీని ధరే అంత. ఎవరూ తగ్గించలేదు," అన్నారు.

"మరి ఈ తల్లి ముందు ఎక్కువ సెప్పిందే?"

ఇద్దరూ నా వైపు చూశారు. "తగ్గించడానికండి," అన్నాను. ఇంకేం చెప్పను?

మేనేజరుగారు బట్టల మూట మీద కూలబడ్డారు. ఆయన బోర్డు కిందే, ఆయన చీటీల తోటే, ఇన్నాళ్ళుగా పాతపట్నం సంత నడుస్తోందని ఆయనకి అప్పుడర్థమైంది.

రైతు మాత్రం కోపగించుకోలేదు. చీటీ ధర లెక్కపెట్టి ఇచ్చి, చీర చంకన పెట్టుకుని, పోబోతూ ఆగాడు. "ధర సీటీ మీదుంటాది, కోక బల్ల మీదుంటాది. మరి మద్దిన నువ్వేటి సేస్తావు తల్లీ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆయన వెళ్ళాక మేనేజరుగారు నెమ్మదిగా చెప్పారు. "దసరా అమ్మకాలయ్యాక అధ్యక్షులుగారితో నీ సంగతి మాట్లాడతాను. అప్పటిదాకా చీటీ పైకి పెట్టి అమ్ము. మళ్ళీ ఇలా జరిగితే ఆ రోజే నీకు ఆఖరు."

ఇంటి దగ్గర అత్తకి మళ్ళీ "బ్రహ్మాండంగా ఉంది" అనే చెప్పాను. తిట్లు నాకు లెక్క కాదు, తిట్లు తిని పెరిగిన ఒళ్ళు ఇది. ఆ ముసలాయన ప్రశ్నే మింగుడు పడలేదు. ధర నాది కాదు, చీర నాది కాదు. మధ్యలో నాదేది? దానికి సమాధానం దొరక్కపోతే, దసరాకి అత్త గెలవక్కర్లేదు, నేనే ఓడిపోయి ఇంటికెళ్ళి కూర్చుంటాను. సమాధానం దొరికేదాకా కదలకూడదనుకున్నాను.

ఇంక చీటీ పైకే పెట్టాను. నేత పనివాళ్ళు చీరలు తెచ్చిచ్చే రోజున వాళ్ళ పక్కన కూర్చుని, చింతపండు రైతుని మా నాన్న ఎలా వేపుకు తినేవాడో అలా వాళ్ళని వేపుకు తిన్నాను. ఏది ముడుచుకుపోతుంది, ఏది వెలిసిపోతుంది, ఏ అంచు ముందు చిరుగుతుంది? పాపం, చెప్పారు.

కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే ఒకావిడ, సరుకు అమ్ముడుపోయాక ఖాళీ గంపతో దుకాణానికి వచ్చింది. గుమ్మంలోనే అరిచింది.

"సావుకారమ్మా! ఆ ఎర్ర కోక తియ్యి. ఎంతేటి?"

చీటీ చూపించి చెప్పాను.

"సగానికియ్యి."

"ధర తగ్గదప్పా," అన్నాను, మా వైపు అక్కని పిలిచినట్టు. "అయినా ఈ ఎర్రది నీకివ్వను."

"ఏటీ?"

"ఇవ్వను. ఉప్పు గాలికి వెలిసిపోతుంది. నూలు సన్నం. గంపెత్తుకుని గోచీ పోసి నడిచేదానివి, మోకాలి దగ్గర చిరుగుతుంది. ఈ నీలంది తీసుకో. ముతక, గట్టిది. దానికన్నా చవక."

"సవకదా! నాను సవక మనిసినాగ కనిపిస్తన్నానేటి నీకు?"

"మనిషివి ఖరీదైనదానివే. నీ నడక కోసం చెబుతున్నాను."

"నా డబ్బులు, నా మోకాలు! నీకేటి నొప్పి?"

గొంతులు లేచాయి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగారు. నేను గ్లాసుతో నీళ్ళు తెచ్చి, రెండు చీరల అంచులూ తడిపి, నా తెల్ల జాకెట్టు చేతికి రుద్దాను. ఎర్రది అంటింది, నీలంది అంటలేదు. మేనేజరుగారు పరుగున వచ్చి, "అమ్మా, మన సరుకుని మనమే..." అన్నారు.

"మన సరుకు సంగతి మనకి తెలియకపోతే ఎలాగండీ?" అన్నాను.

చేపలావిడ నా జాకెట్టు కేసి చూసింది, నీలం చీర రెండు చేతులా లాగి చూసింది, నా మొహం చూసింది. "నువ్వు గట్టిదానివే," అని డబ్బులు బల్ల మీద పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడింది. "కొసరేదీ?"

"ఇక్కడ కొసరు లేదప్పా."

"నేకపోతే నానెల్లను." గంప గుమ్మంలో పెట్టి దాని పక్కన చతికిలబడింది. ఎండుచేపల వాసన దుకాణమంతా నిండింది. మేనేజరుగారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏదో ఒకటి చెయ్యమని నాకు సైగ చేశారు.

ఇవ్వడానికి నా దగ్గరేముంది? చేతులున్నాయి. మగ్గం మీంచి దిగిన చీరకి కొంగు చివర పోగులు విడిగా వేలాడుతుంటాయి. ఎవరింట్లో వాళ్ళు తీరిక దొరికినప్పుడు వాటిని మెలిపెట్టి ముళ్ళు వేసుకోవాలి. తీరిక లేనివాళ్ళకి కొంగు అక్కణ్ణుంచే విడిపోతుంది. నేను నేల మీద ఆవిడ ఎదురుగా కూర్చుని కొంగు ఒళ్ళోకి లాక్కున్నాను. "ముళ్ళు వేసిస్తాను. ఇదే నీ కొసరు."

"గట్టిగా ఎయ్యి. వొదులేస్తే మల్లీ వొస్తాను."

"రా, భయమా?"

పోగులు మెలిపెడుతుంటే ఆవిడ తన కోడల్ని తిట్టింది, నేను మా అత్తని తిట్టాను. ఆవిడ అల్లుడి పడవ సంగతి చెప్పింది, నేను మా నాన్న తూకాల సంగతి చెప్పాను. ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. ఆవిడ చీర గంపలో పెట్టుకుని లేస్తూ, "మా ఈదిలో ఆడోళ్ళందరికీ సెప్తాను. వొచ్చి నీతో దెబ్బలాడతారు," అని దీవించినట్టు చెప్పింది.

ముసలాయన ప్రశ్నకి సమాధానం దొరికింది. ధర దగ్గర లేని బేరం మిగతా అన్నింటి దగ్గరా ఉంది. రంగు దగ్గర, నేత దగ్గర, కట్టుకునే మనిషి పని దగ్గర. మా పుట్టింట్లో కొనేవాళ్ళకి ఎదురు నిలబడి బేరమాడాం. ఇక్కడ కొనే మనిషి తరఫున, ఆ మనిషితోనే పోట్లాడాలి. అది మరీ కష్టం. కష్టం కాబట్టే నాకు నచ్చింది.

నిజంగానే వచ్చారు. కొంగు ముళ్ళ కోసం వరస కట్టి కూర్చునేవారు. మేనేజరుగారు నన్ను మెచ్చుకున్నది లేదు గానీ, ఒక రోజు ఇంటి దగ్గర్నుంచి చాప తెచ్చి బల్ల పక్కన పరిచి వెళ్ళిపోయారు.

రోజూ పండగలా ఉందని చెబితే నా మాట మీరు నమ్మకూడదు. వేళ్ళు ఒరుసుకుపోయేవి. మంచి మాట చెబితే, "నీ సలహా ఎవలడిగినారు?" అని నైలెక్స్ దుకాణానికి పోయినవాళ్ళున్నారు. పొద్దున్న లేవగానే వెళ్ళబుద్ధి కాని రోజులున్నాయి. అలాంటి రోజున కావాలని మొదట వచ్చినావిడతో ఏదో ఒక రంగు దగ్గర తగువు పెట్టుకునేదాన్ని. తగువు ముదిరేసరికి మనసు కుదుటపడేది. సంతోషం దానంతటది రాకపోతే పిలిచి కూర్చోబెట్టుకోవాలి, ఏం చేస్తాం?

దసరా అమ్మకాలు అయిపోయాయి. అధ్యక్షులుగారు వచ్చి వెనక గదిలో కూర్చున్నారు. నేను బల్ల దగ్గర చీరలు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టాను. లెక్కలయ్యాక ఆయన, "ఆ అమ్మాయి సంగతేమిటి? ఏదో మాట్లాడాలన్నారు?" అని అడిగారు.

తరవాత మేనేజరుగారి గొంతు: "చాప చిరిగిపోయిందండి. సంఘం డబ్బుతో ఇంకోటి కొనాలి. ఈసారి పెద్దది."

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే అత్త, "దసరా అయిపోయింది. ఏటి సంగతి?" అంది.

"వాళ్ళు ఉండమన్నారు. నేను వెళ్తాను."

"పనచ్చొచ్చిందా?"

"రాలేదు. నేనే తెచ్చుకున్నాను."

ఆవిడ నా వేళ్ళ కేసి చూసింది. "పొద్దున్న పిండెవరు రుబ్బుతారు?" అంది, చివరి అస్త్రంలా. రుబ్బే వెళ్తానన్నాను. ఆదివారమో అంది. ఆదివారం దుకాణమే లేదన్నాను. ఇంకేం దొరక్క, "పొత్రం నెమ్మదిగా తిప్పు, నిద్ర సెడగొట్టకు," అని లోపలికెళ్ళింది.

మర్నాడు రుబ్బి, స్నానం చేసి, వేళకి వెళ్ళాను. పండక్కి కొనాల్సినవాళ్ళందరూ కొనేశారు, వీధిలో మనిషి లేడు. మధ్యాహ్నానికి మేనేజరుగారే విసుగెత్తి, "ఇవాళ ఎవరూ రారమ్మా. ఇంటికెళ్ళు," అన్నారు.

నేను కొత్తగా వచ్చిన మూటలోంచి ఒక ముతక చీర తీసి, చాప మీద కూర్చుని, కొంగు ఒళ్ళో పరుచుకున్నాను.

"ఎవరి చీర అది?" అన్నారాయన.

"ఇంకా తెలీదండి," అని, మొదటి పోగు మెలిపెట్టడం మొదలుపెట్టాను.